‘కంచు మ్రోగునట్లు’: అక్కడ ఇత్తడి ఎందుకు పనికిరాదు?

అనంతపురంలో పాటకచేరీలకు డ్రమ్స్ వాయిస్తుంటాను. మొన్న తక్కువ ధరకే ఒక ఎఫెక్ట్ క్రాష్ సింబల్ (పుల్లతో కొట్టే లోహపు పల్లెం) తెచ్చుకున్నాను, పల్లెమంతా గుండ్రటి బొక్కలుండే రకం. కొడితే ‘ఛస్స్’మని లేచి అంతలోనే అణిగిపోతుంది. బొక్కల దగ్గర కంపనం తెగిపోతుంది కాబట్టి మామూలు క్రాష్ మాదిరి సద్దు సాగదు. మా అవ్వ విని, “కంచు మోగినట్ల మోగుతాందే” అనింది. వెంటనే వేమన పద్యం గుర్తొచ్చింది: ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’. కానీ నాది ఇత్తడి పల్లెం. చవక రకాల్లో చాలావరకు అంతే. ఇత్తడి మోతను కంచు మోత అనొచ్చా? వేమన కంచునే ఏంటికి తీసుకున్నాడు?

— తమ్ముడూ, ముందు ఛందస్సు చూడు. ఇది ఆటవెలది మూడో పాదం: మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ‘కంచు’ గలము (గురువు, లఘువు), సరిపోయింది. ‘ఇత్తడి’ భగణం (గురువు, రెండు లఘువులు), సూర్యగణాల్లో లేదు. పైగా నాలుగో గణం ‘కనకంబు’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పొత్తు, కుదరాలంటే మొదట ‘క’ గానీ దానితో యతి కలిసే అక్షరం గానీ కావాల్సిందే.

— యతి కోసమే అంటే ఒప్పుకోలేను సార్. మాది కడప, మా తాతలు కంచరి పని చేసినోళ్లు. కంచు అంటే రాగిలో తగరం, ఇత్తడి అంటే రాగిలో జింకు. మేలురకం సింబళ్లలో 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. కొంచెం తక్కువ ధరవాటిలో 92, 8. తగరం కలిస్తే లోహం బిరుసెక్కుతుంది, దెబ్బ తగిలితే చాలాసేపు కంపిస్తుంది. మేలిమి బంగారం మెత్తన, బరువు. దెబ్బను తనలోనే మింగేస్తుంది. ఆ తేడా చెవితో విన్నవాడు రాసిన పాదం అది. అల్పుడికి పోలిక చెప్పడానికి వాడాడు గానీ, లోహం గుణం తప్పు చెప్పలేదు.

— అన్నా, చాలా మంచి మాట. ఇంకొకటి అడగాల. క్రాష్‌ను తెలుగులో ‘తాళం’ అంటున్నారు కొందరు. తాళాలు రెండు, ఒకదానికొకటి తగిలి మోగుతాయి. పుల్లతో కొట్టే ఒంటి పల్లెం గుడిలో జేగంటకే దగ్గర కదా?

— జేగంటే దగ్గర. అదీ కంచుదే.

— అవ్వకు నా పల్లెం ఇత్తడని చెప్పినాను. అటక మీది పాత కంచు గిన్నె దించి, గరిటె కాడతో ఒక్కటి కొట్టి, “ఇది విను” అనింది. ఆ మోత అణగక ముందే లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.