కాంటాక్ట్ ఫామ్‌లో కొత్త లైన్ కనిపిస్తే తీసేయాలా, తిప్పికొట్టాలా?

మూలలిపి:
పీహెచ్‌పీ భాషలో రాసిన పాత సైట్ ఒకటి బాగుచేస్తున్నాను. విజిటర్ ఇచ్చిన ఈమెయిల్‌ని అది అలాగే ఫ్రమ్ హెడర్‌కి (మెయిల్ పైభాగంలో పంపినవారి అడ్రస్ ఉండే లైన్) అతికించి మెయిల్ ఫంక్షన్‌కి ఇచ్చేస్తోంది. ఒక హెడర్ ఎక్కడ ముగిసిందో చెప్పేది లైన్ చివరి గుర్తే. కాబట్టి అడ్రస్ తర్వాత కొత్త లైన్ ఇరికించి, బీసీసీ (మిగతావాళ్లకు కనిపించని కాపీ) అని రాసి, ఎన్ని అడ్రసులైనా చేర్చవచ్చు. స్పామ్ పంపేది వాళ్లు, బ్లాక్‌లిస్ట్‌లో పడేది మన సర్వర్. ఆపాలన్న విషయంలో మా టీమ్‌లో గొడవ లేదు. ఆ గుర్తును తీసేసి మెయిల్ పంపాలా, సబ్మిషన్‌నే తిరస్కరించాలా అన్నదే తేలడం లేదు. నేను తిరస్కరించాలంటాను.

నెమ్మది:
తీసేస్తే చాలండీ. లైన్ గుర్తు పోయాక బీసీసీ అన్న మాట అడ్రస్‌కి అతుక్కుని చెల్లని అడ్రస్ అవుతుంది, అంతే. పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ కూడా టు, సబ్జెక్ట్ విలువల్లోని కంట్రోల్ అక్షరాలను (కొత్త లైన్ గుర్తు లాంటివి) ఖాళీలుగా మార్చి ముందుకే పోతుంది. ఎర్రర్ చూసిన మనిషి మళ్లీ ఫామ్ నింపుతాడన్న నమ్మకం నాకు లేదు.

మూలలిపి:
ఆ ఎర్రర్ మామూలు మనిషికి కనిపించదు కదండీ! ఒకే లైన్ ఉండే ఇన్‌పుట్‌లో మీరు కొత్త లైన్‌తో పేస్ట్ చేసినా బ్రౌజరే దాన్ని తీసేస్తుంది. అయినా సర్వర్‌కి ఆ గుర్తు వచ్చిందంటే, రిక్వెస్ట్ మన ఫామ్ నుంచి కాదు, స్క్రిప్ట్ నుంచి వచ్చినట్టే. దాన్ని కడిగి తుడిచి లోపలికి పంపడం దేనికి? పైథాన్‌లో సైట్లు కట్టే జాంగో చూడండి, హెడర్ విలువలో కొత్త లైన్ ఉంటే మెయిల్ పంపదు, ఎర్రర్ ఇస్తుంది. పైగా తీసేసే కోడ్ రాసేవాళ్లు అక్కడితో ఆగరు, బీసీసీ, సీసీ అన్న మాటల్ని కూడా వెతికి తీసేస్తారు. బీసీసీ మధ్యలో ఇంకో బీసీసీ ఇరికిస్తే లోపలిది పోయి బయటిది మిగులుతుంది.

నెమ్మది:
మాటల్ని వెతకడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ చాలా సైట్లలో సబ్జెక్ట్ పెట్టె ఉండదు. మెసేజ్‌లోని మొదటి 50 అక్షరాలే సబ్జెక్ట్ అవుతాయి. మెసేజ్ పెట్టెలో ఎంటర్ కొట్టడం సహజం. అక్కడ తిరస్కరిస్తే నిజమైన మనిషే బయట ఉండిపోతాడు.

మూలలిపి:
అది న్యాయమైన మాట. అయితే అక్కడ సబ్జెక్ట్ తయారుచేసేది మన కోడ్, కాబట్టి లైన్లు కలిపే పని కూడా మనదే. పేరు, ఈమెయిల్ పెట్టెల విషయంలో మాత్రం నేను మారను.

టపాబంట్రోతు:
ఇద్దరూ ఫ్రమ్‌ని వదిలేశారు. విజిటర్ అడ్రస్ అక్కడ ఉండనే కూడదు. వాళ్ల డొమైన్‌కి కఠినమైన డీమార్క్ పాలసీ (తమ పేరుతో వచ్చే దొంగ మెయిల్‌ని ఏం చేయాలో డొమైన్ చెప్పే నియమం) ఉంటే, మన సర్వర్ నుంచి వెళ్లిన ఆ మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదా అసలే చేరదు. ఫ్రమ్‌లో మన డొమైన్ అడ్రస్, రిప్లై-టులో మాత్రమే విజిటర్‌ది.

రెండోది, అడ్రస్‌ని చెక్ చేసే రెజెక్స్, అంటే అక్షరాల నమూనా. అందులో డాలర్ గుర్తు అంటే 'ఇక్కడితో ముగిసింది' అని. పీహెచ్‌పీ, పైథాన్‌లలో డాలర్ గుర్తు చివరి కొత్త లైన్‌కి ముందు కూడా సరిపోతుంది, అంటే అడ్రస్ వెనక ఒక లైన్ గుర్తు తప్పించుకుంటుంది. రూబీలో ఇంకా ప్రమాదం, అక్కడ డాలర్ ప్రతి లైన్ చివరా సరిపోతుంది. తీసేసేవాళ్లయినా తిప్పికొట్టేవాళ్లయినా ముందు ఇది చూసుకోవాలి.

కొత్తకోడు:
ఇంత టెన్షన్ ఎందుకండీ? క్యాప్చా పెట్టి, మెయిల్ పంపే లైబ్రరీ పీహెచ్‌పీమెయిలర్ వాడితే సరిపోదా?

టపాబంట్రోతు:
క్యాప్చా బాట్‌ని ఆపుతుంది, చేత్తో పంపేవాణ్ణి కాదు. లైబ్రరీ వాడండి, తప్పకుండా వాడండి, కానీ అప్‌డేట్ చేస్తూ ఉండండి. 2016 డిసెంబరులో ఆ పీహెచ్‌పీమెయిలర్‌లోనే పెద్ద లోపం బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2016-10033. పంపినవారి అడ్రస్ ద్వారా సర్వర్‌లో మెయిల్ పంపే సెండ్‌మెయిల్ కమాండ్‌కి అదనపు ఆప్షన్లు చేర్చి, సర్వర్ మీద కోడ్ నడిపించగలిగారు. 5.2.18 వెర్షన్‌లో సరిచేస్తే దాన్నీ దాటారు, 5.2.20 దాకా వెళ్లాల్సి వచ్చింది. కొత్త లైన్ ఒక్కటే శత్రువు కాదు.

నెమ్మది:
సరే, పేరు, ఈమెయిల్ పెట్టెల్లో తిరస్కరణకు ఒప్పుకుంటున్నాను. ఒక షరతు: తిరస్కరించిన ప్రతిదీ లాగ్‌లోకి వెళ్లాలి. మనం ఎవరినైనా పొరపాటున ఆపుతుంటే తెలిసేది అక్కడే.

మూలలిపి:
లాగ్ తప్పక పెడతాను, లైన్ గుర్తుల్ని ఎస్కేప్ చేసి (మామూలు అక్షరాలుగా మార్చి) మరీ. లేకపోతే అదే గుర్తుతో లాగ్‌లో దొంగ లైన్లు పుడతాయి. "నాకు కాపీ పంపు" అనే టిక్ పెట్టెను మాత్రం పీకేస్తున్నాను. అది ఉంటే హెడర్‌లో లైన్లు ఇరికించే పనే అక్కర్లేదు, ఈమెయిల్ పెట్టెలో ఎవరి అడ్రస్ రాసినా మన సర్వర్ వాళ్లకి స్పామ్ చేరవేస్తుంది.

నెమ్మది:
దాన్ని పీకొద్దండీ. కాపీలో మెసేజ్ లేకుండా "మీ విచారణ అందింది" అని మాత్రం పంపండి.