రాక్ బ్యాండ్‌లో బేస్ వినపడాలంటే మార్చవలసింది వాద్యమా, యాంపా?

ప్రశ్న

ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మర్, ఒక గాయకుడు ఉన్న రాక్ బ్యాండ్‌లో నేను ఏడాదిన్నరగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. నాది ఐదు తీగల యాక్టివ్ బేస్. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే హంబకర్ పికప్‌లు రెండు, లోపల ఆ సంకేతాన్ని పెంచే, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్నాయి. ఇంట్లో ఒంటరిగా వాయించుకునేటప్పుడు ఎంతో లోతుగా, నిండుగా పలికే ఈ వాద్యం వేదిక ఎక్కగానే మాయమైపోతోంది. ముందు వరుసలో నిలబడి విన్న మిత్రులు, ఏదో ఉరుముతున్నట్టు తెలిసిందే తప్ప ఏ స్వరం పలుకుతోందో తెలియలేదన్నారు. యాంప్ 100 వాట్ల కాంబో, అంటే స్పీకరు కూడా అదే పెట్టెలో ఉన్నది. అందులో ఉన్నది 12 అంగుళాల స్పీకరు ఒక్కటే. దాన్ని చివరిదాకా పెంచినా డ్రమ్ముల పక్కన నా వాయింపు నాకే సరిగా వినపడదు.

ఫెండర్ వారి ప్రెసిషన్ బేస్‌కు మారాలా, వారిదే జాజ్ బేస్‌కు మారాలా, లేక ఉన్న వాద్యాన్నే ఉంచుకుని పెద్ద యాంప్ కొనాలా అన్నది నా సందేహం. ప్రస్తుతానికి వీటిలో ఒక్కదానికే స్తోమత ఉంది కనుక, వేదికల మీద వాయించిన అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

మీరు ఇంట్లో మెచ్చుకుంటున్న ఆ లోతే వేదిక మీద మిమ్మల్ని ముంచుతోందని నా అనుమానం. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగను ఖాళీగా మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు వస్తాయి; మీ ఐదో తీగకైతే 31 మాత్రమే. అంత కింది ధ్వని ఒంటికి తెలుస్తుంది గానీ, అది ఏ స్వరమో చెవి పోల్చుకునేది దాని పైన వరుసగా పుట్టే అనుస్వరాల (ఓవర్‌టోన్ల) వల్ల. కిక్ డ్రమ్ దరువు 60 నుంచి 100 హెర్ట్జ్ ప్రాంతాన్ని ఆక్రమించి, ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ వేసిన రెండు గిటార్లు పైభాగమంతా కమ్ముకున్నాక, బేస్‌కు మిగిలే చోటు సుమారు 200 నుంచి 800 హెర్ట్జ్ దాకా ఉండే మధ్యభాగమే. ఒంటరిగా వాయించుకునేవారు చెవికి ఇంపుగా లేదని తగ్గించేసేది సరిగ్గా ఆ భాగాన్నే.

రాక్ సంగీతంలో ప్రెసిషన్ బేస్ ఇన్నేళ్లు నిలబడటానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. 1951లో ఫెండర్ దాన్ని తెచ్చినప్పుడు ఉన్న పికప్ వేరు. 1957లో రెండు ముక్కలుగా చీలిన పికప్ వచ్చాకే నేడు మనం ఎరిగిన ఆ గట్టి, బిగువైన నాదం స్థిరపడింది. ఆ రెండు ముక్కలూ ఒకదాని రొదను మరొకటి కొట్టేస్తాయి కనుక లైట్లు, వైర్లు చిక్కుపడి ఉండే వేదికల మీద కూడా అది నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. చీకట్లో తడుముకోవలసిన అవసరం ఉండదు.

1960లో వచ్చిన జాజ్ బేస్‌కు సన్నని నెక్, రెండు పికప్‌లు ఉంటాయి. రెండింటినీ సమానంగా తెరిచినప్పుడు మధ్యభాగం కొంత పలచబడి, స్వరం తేటగా అందంగా ఉంటుంది. కానీ ఇద్దరు గిటారిస్టుల మధ్య ఆ అందం తరచుగా నలిగిపోతుంది. బ్రిడ్జి దగ్గరి పికప్‌ను ముందుకు తెస్తే గుర్రుమనే మధ్యభాగం దొరుకుతుంది, అయితే అప్పుడు ఒకే తీగచుట్ట ఉండే (సింగిల్ కాయిల్) పికప్ రొద కూడా వెంట వస్తుంది. ఒకే గిటార్ ఉన్న బ్యాండ్‌లో బేస్‌కు చోటెక్కువ. ముగ్గురే ఉన్న రష్ బ్యాండ్‌లో గెడ్డీ లీ రికెన్‌బ్యాకర్ 4001 బేస్‌తోనూ, తరువాత జాజ్ బేస్‌తోనూ ఆ చోటునంతా ఎలా వాడుకున్నాడో వింటే తెలుస్తుంది. మీ కూర్పుకైతే నా ఓటు ప్రెసిషన్‌కే.

రెండో సమాధానం

నేను బేస్ వాయించడమే కాక, ఇతర బ్యాండ్లకు మిక్సర్ దగ్గర కూడా కూర్చుంటాను. అందుకని యాంప్ సంగతి చెబుతాను. 100 వాట్ల నుంచి 200 వాట్లకు వెళితే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా వినపడాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. 1969లో ఆంపెగ్ తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వు యాంప్ అయినా, అంత ప్రభావం చూపడంలో దాని కింద నిలబెట్టే క్యాబినెట్‌లోని ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల పాత్ర తక్కువది కాదు. ఆ క్యాబినెట్‌ను మెట్ల మీదుగా ఒకసారి మోసినవారు రెండోసారి మోయడానికి మిత్రులను వెతుక్కుంటారు. నేటి క్లాస్ డీ యాంప్ హెడ్‌లు (స్పీకరు లేని యాంప్‌లు) రెండు మూడు కిలోల బరువులోనే 500 వాట్లు ఇస్తున్నాయి. 8 ఓముల క్యాబినెట్లు రెండు సమాంతరంగా కలిపితే మొత్తం విద్యుత్ నిరోధం 4 ఓములవుతుంది. అంతకన్నా తక్కువకు పోవచ్చో లేదో యాంప్ వెనుక రాసి ఉంటుంది, చూడకుండా మూడోది తగిలించవద్దు.

అయితే, కొనేముందు మీ కాంబోను నేల మీద నుంచి తీసి కుర్చీ మీద పెట్టి, మీ చెవి వైపు వంచి చూడండి. నేలను ఆనుకున్న స్పీకరు కింది ధ్వనిని ఉబ్బిస్తుంది, స్పష్టతనిచ్చే పైభాగమంతా మీ మోకాళ్లకు వినిపిస్తుంది.

గాయకుడి గొంతు మాత్రమే పలికే చిన్న స్పీకర్లున్న చోట మీ యాంపే ప్రేక్షకులకు కూడా ఆధారం. సబ్‌వూఫర్లున్న వేదికల మీద వారు వినేది, వాద్యం సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే డీఐ బాక్స్ ద్వారా మిక్సర్‌కు వెళ్లే సంకేతాన్ని. యాంప్ వెనుక ఉన్న డీఐ నుంచే పంపేటప్పుడు అక్కడి మీట ‘పోస్ట్’ మీద ఉంటే, మీరు వేదిక కోసం పెంచిన బేస్ అంతా హాలంతటికీ పోతుంది. మీ మిత్రులు విన్న ఉరుము అదేనేమో ముందుగా తేల్చుకోండి. ‘ప్రీ’ మీద పెడితే వాద్యం స్వరం మాత్రమే వెళుతుంది. నేనైతే సొంత డీఐ ఉన్న ప్రీయాంప్ పెడల్ ఒకటి సంచిలో ఉంచుకుంటాను. ఎక్కడ ఏ యాంప్ ఇచ్చినా హాల్లోకి వెళ్లే నాదం నాదిగానే ఉంటుంది, ఎర్త్ సంబంధాన్ని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉండటం వల్ల రొద వచ్చినా వెంటనే తీర్చుకోవచ్చు.

ఇంకొక మాట. చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఒకసారి రిహార్సల్ తరువాత రాత్రంతా కేబుల్ తీయకుండా వదిలేసి, మర్నాడు మూడో పాట మధ్యలో నా వాద్యం గరగరలాడి మూగబోయింది. ఆ పాట పూర్తయ్యేదాకా ఊరికే వేళ్లు కదుపుతూ నిలబడ్డాను.

మూడో సమాధానం

మొదట రాసినవారు మధ్యభాగం గురించి చెప్పినది నిజమే, కానీ దాని నుంచి వాద్యం మార్చాలన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. ఈ బేస్‌లోనే కింది ధ్వనుల నాబును తగ్గించి, మధ్యభాగాన్ని పెంచి, తీగలు మార్చి రెండు ప్రదర్శనలు వాయించాక అప్పుడు ఆలోచించవచ్చు. గుండ్రటి చుట్టు ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు పాతబడితే వాటికి అనుస్వరాలు చచ్చిపోతాయి. చదునైన చుట్టు ఉన్న ఫ్లాట్‌వౌండ్ తీగలు మందకొడిగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. కానీ ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌లో స్టీవ్ హారిస్ ప్రెసిషన్ బేస్ మీద వాటితోనే, అదీ వేళ్లతోనే, గిటార్లను చీల్చుకుని వినపడతాడు. ఆ పదునులో చాలా భాగం చేతిది.

ఐదో తీగ మీ పాటల్లో నిజంగా ఎంత అవసరమో కూడా లెక్క చూసుకోండి. దాని మూలస్వరాన్ని చిన్న కాంబో ఎలాగూ పూర్తిగా పలికించలేదు. ఆ ప్రయత్నంలో స్పీకరు అలసిపోయి మిగతా స్వరాలు కూడా మసకబారుతాయి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి రిహార్సల్‌లో కాంబోను స్టూలు మీదకెక్కించి, బేస్ నాబును సగానికి తగ్గించి, మధ్యభాగాన్ని పెంచాను. ఒంటరిగా వింటే ముక్కుతో పాడుతున్నట్టు వికారంగా ఉంది. డ్రమ్ములు, గిటార్లు కలిశాక మాత్రం నా ప్రతి స్వరం నాకు వినపడింది. ఒక గిటారిస్టు తన యాంప్‌లోని బేస్‌ను తానే తగ్గించుకున్నాడు. యాంప్ వెనుక డీఐ మీట చూస్తే అది ఇన్నాళ్లూ ‘పోస్ట్’ మీదే ఉంది. కొత్త తీగలు, ప్రీయాంప్ పెడల్ ముందుగా కొంటున్నాను. ఒక మిత్రుడు తన ప్రెసిషన్‌ను వచ్చే ప్రదర్శనకు అరువిస్తానన్నాడు. సగం పాటలు దానితో, సగం నా బేస్‌తో వాయించి, హాల్లో రికార్డు చేసి పోల్చి చూస్తాను.