అయిదు రోజులు ఊరెళ్తే కుక్కనీ పిల్లినీ ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న (భీమవరం): పెళ్లికి విశాఖ వెళ్తున్నాం. మూడేళ్ల లాబ్రడార్, ఒక పిల్లి ఉన్నాయి. బోర్డింగ్‌లో (డబ్బు తీసుకుని పెంపుడు జంతువుల్ని ఉంచుకునే చోట) వదలాలా, ఇంటికే మనిషిని పెట్టాలా? ఏం చూసి నమ్మాలండీ?

జవాబు (పాలకొల్లు): కుక్కని బోర్డింగ్‌లో వదిలేట్టయితే, అక్కడివాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారో ముందు చూడండి. టీకాల పుస్తకం అడగలేదంటే పక్క గదిలో కుక్కకీ అడిగి ఉండరు. రేబిస్, పార్వో (కుక్కలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్), లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు) టీకాల గడువు దాటకూడదు. బాకీ ఉంటే కనీసం 2 వారాల ముందే వేయించాలి. ముందురోజు వేయిస్తే రక్షణ రాదు. లెప్టో మొదటిసారైతే రెండు డోసులు, మధ్య 2–4 వారాలు. మన డెల్టాలో దీన్ని అస్సలు వదలొద్దండి, ఎలుకల మూత్రం కలిసిన కాలవ నీళ్లు, చేలగట్ల గుంటల నుంచే అంటుకుంటుంది. అందుకే షికారుకి ఎటు తీసుకెళ్తారో అడగండి. చెప్పకుండా వెళ్లి గదులు చూడండి: నేల పొడిగా ఉండాలి, ఒకటి తెరిచినా కుక్క బయటికి పారిపోకుండా వరుసగా రెండు గేట్లుండాలి, కరెంటు పోతే ఫ్యాన్ ఆగకూడదు. ముందుగా ఒక్క రాత్రి ఉంచి చూడండి.

జవాబు (అమలాపురం): పిల్లిని కదపొద్దు. రోజుకి రెండుసార్లు వచ్చే మనిషి చాలు. గిన్నెలో ఎంత మిగిలిందో రోజూ ఫొటో పంపమనండి. రెండు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినొచ్చు, వెంటనే డాక్టరుకి చూపించాలి. జ్వరమని పారాసిటమాల్ వేయకూడదు, పిల్లికి అది విషం.

జవాబు (రాజోలు): కుక్కకి మీరు రోజూ పెట్టే తిండే ఇచ్చి పంపండి, పూటకో పొట్లం, రెండు రోజులకి అదనంగా. తిండి ఒక్కసారిగా మారితే విరేచనాలు పట్టుకుంటాయి. తీసుకొచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి.