చూడకుండా స్పోర్ట్స్ కారు కొనొచ్చా? 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న 997 మీద చర్చ

మూడోగేరు: 2006 పోర్షే 911 కరేరా ఎస్, 997 అనే తరంది. 3.8 లీటర్ల ఇంజను, మాన్యువల్, 82,000 కి.మీ. అమ్మే మనిషి 1,400 కి.మీ. దూరంలో ఉంటాడు. అరవై ఫొటోలు, సర్వీసు బిల్లులు పంపాడు, ఇప్పుడు అడ్వాన్సు అడుగుతున్నాడు. అక్కడి మెకానిక్‌తో చూపిస్తే సరిపోతుందా, స్వయంగా వెళ్లాల్సిందేనా?

నట్టుబోల్టు: వెళ్లాల్సిందే. చల్లటి ఇంజను స్టార్టయ్యేటప్పటి చప్పుడు, క్లచ్ బరువు, చల్లగా ఉన్నప్పుడు రెండో గేరులో కరకర, తడిసిన కార్పెట్ వాసన, ఇవేవీ ఫొటోలో రావు. మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉందంటే ఎవరో ముందే స్టార్టు చేసి సిద్ధం చేశారని అర్థం. అప్పుడు తిరిగొచ్చేయొచ్చు.

ఫ్లాట్‌సిక్స్: వెళ్లి ఏం చూస్తారండీ? ఈ కారుని ముంచేది కంటికి కనపడదు. ఈ ఇంజనులో సిలిండర్ గోడలు సిలికాన్ కణాలు కలిపి పోతపోసిన అల్యూమినియం. పిస్టన్ పక్కల ఉన్న పూత అరిగిపోతే అల్యూమినియం మీద అల్యూమినియం రుద్దుకుని నిలువుగా గీతలు పడతాయి. ఎక్కువగా రెండో బ్యాంకులో, అంటే ఒకవైపు వరసలో ఉన్న 4, 5, 6 సిలిండర్లలో. అందులోనూ ఆరోదే ముందు పోతుంది. వేడెక్కాక టిక్ టిక్ మనే చప్పుడు, ఆ వైపు సైలెన్సర్ గొట్టంలో మాత్రమే నల్లటి మసి, నూనె తాగడం దీని లక్షణాలు. మసిని అమ్మేముందు ఒక గుడ్డతో తుడిచేయొచ్చు. అందుకని బోరోస్కోప్ (ఇంజను లోపలికి దించి చూసే సన్నటి కెమెరా) ఉన్నవాడే చూడాలి, మీరూ నేనూ కాదు.

మూడోగేరు: కంప్రెషన్ టెస్టు (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది) బాగుందని రిపోర్టు పంపాడు కదా?

ఫ్లాట్‌సిక్స్: ఈ జబ్బుకి అది పనికిరాదు. గీతలు పడ్డ సిలిండర్లో కూడా రింగులు, నూనె పొర కలిసి ఒత్తిడిని నిలబెడతాయి. సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్టు కూడా చాలాసార్లు పాసవుతుంది. నమ్మదగింది ఒక్కటే: సంప్ (ఇంజను అడుగున ఉండే నూనె తొట్టి) విప్పి, పిస్టన్‌ని పైకి తెచ్చి, కింది నుంచి గోడని చూడడం. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించితే పిస్టన్ అడుగున ఉన్నా పైభాగమే బాగా కనపడుతుంది, గీతలేమో కిందే మొదలవుతాయి. పనిలో పనిగా ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు తునకలున్నాయేమో చూడమనండి.

నట్టుబోల్టు: చెప్పడం తేలికే. సంప్ విప్పాలంటే ఎనిమిది లీటర్ల పైచిలుకు నూనె దించాలి, మళ్లీ అతికించిన సీలెంట్ ఆరేదాకా కారు కదలకూడదు. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారు కోసం ఏ యజమాని ఒప్పుకుంటాడు?

ఫ్లాట్‌సిక్స్: కొత్త నూనె, ఫిల్టర్ ఖర్చు మనదే అంటే చాలామంది ఒప్పుకుంటారు. నూనె మార్పు ఉచితంగా వస్తోంది కదా, కాదనడానికి ఏముంది!

గుంతలరోడ్డు: ఇద్దరూ ఇంజను గోడల దగ్గరే ఆగిపోయారు. ముందు ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) చదివించండి, అరగంట పని. ఓవర్‌రెవ్‌లు, అంటే ఇంజను హద్దు మీరి తిరిగిన సందర్భాలు, ఆరు రేంజులుగా నమోదవుతాయి. 1, 2 అంటే ఇంజను వేగాన్ని ఆపే లిమిటర్‌ని తాకడం, భయం లేదు. 4 దాటితే అయిదో గేరు వేయబోయి మూడులో పడేసినట్టే. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి కాబట్టి లిమిటర్ ఏమీ చేయలేదు, వాల్వులు పిస్టన్‌ని కొట్టొచ్చు. అంకెలు చూసి గాభరా పడకండి. లెక్కేది ఇగ్నిషన్‌లని (ప్లగ్గులు నిప్పురవ్వ వేయడాన్ని), 7,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 375 వస్తాయి. అది ఇంజను నడిచిన ఏ గంట దగ్గర జరిగిందో కూడా ఉంటుంది. జరిగి వందల గంటలైనా ఇంజను బాగానే నడుస్తుంటే నేనైతే పట్టించుకోను.

అదే తెరమీద మొత్తం నడిచిన గంటలూ ఉంటాయి. 82,000 కి.మీ.కి 1,700 గంటలంటే సగటు గంటకి 48 కి.మీ., నమ్మొచ్చు. 3,800 ఉంటే సగటు 22కి పడిపోతుంది. పూర్తిగా ట్రాఫిక్‌లోనే తిరిగిన బండి కాకపోతే మీటరు వెనక్కి తిప్పారన్నమాట. ఛాసిస్ నంబరు, గంటలు ఒకే ఫొటోలో ఉండాలని పట్టుబట్టండి.

మూడోగేరు: ఐఎంఎస్ బేరింగ్ (ఇంజను లోపలి మధ్య షాఫ్టుని మోసే బేరింగ్) మార్పించానని కూడా అంటున్నాడు.

ఫ్లాట్‌సిక్స్: 2006లోనా? ఆ ఏటికి పెద్ద బేరింగ్ వచ్చేసింది. ఇంజను రెండుగా విప్పకుండా అది బయటికి రాదు, పాడవడమూ అరుదే. కాబట్టి బిల్లు అడగండి. దానిమీద ఇంజను నంబరు ఉండాలి. ఎవరో చెప్పిన మాటని అమాయకంగా వల్లిస్తుండొచ్చు కూడా.

నట్టుబోల్టు: సరే, యంత్రాల సంగతి ఒప్పుకుంటాను. చూసేవాడు మాత్రం ఆ కారుని ఇన్నాళ్లూ సర్వీసు చేసిన షెడ్డువాడు కాకూడదు. రోజూ వచ్చే ఖాతాదారుణ్ణి వదులుకుని ఒక్కసారి కనపడే మీ పక్షాన మాట్లాడతాడా? బిల్లులు నిజమో కాదో అతనికి ఫోన్ చేసి అడగండి, అంతే. అడ్వాన్సు రిపోర్టు చేతికొచ్చాకే. మిగతా సొమ్ము, కారు మీద అప్పు లేదన్న కాగితం అందాకే.

మూడోగేరు: అన్నీ కుదిరితే నడుపుకుంటూ వచ్చేయొచ్చా?

గుంతలరోడ్డు: టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2216 అంటే 2016లో 22వ వారం. పట్టు నిండుగా కనపడినా రబ్బరు ముసలిదైపోయుంటుంది, దానిమీద హైవే వేగం వద్దు. కప్పున్న లారీలో తెప్పించండి. ముందుభాగం ర్యాంపుకి తగలకుండా పలకలు వేయమని, బెల్టులు సస్పెన్షన్‌కి కాకుండా చక్రాలకే కట్టమని ముందే చెప్పాలి. ట్యాంకులో పావు పెట్రోలు చాలు. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నాలుగు వైపులా ఫొటోలు తీయించండి.

మూడోగేరు: ఇప్పుడే మాట్లాడాను. సంప్ విప్పనివ్వడట, ప్లగ్ రంధ్రంలోంచి చూసుకోమంటున్నాడు.

నట్టుబోల్టు: వదిలేయండి.

ఫ్లాట్‌సిక్స్: అంత తొందరేం లేదు. ఆరో సిలిండర్‌తో మొదలుపెట్టమనండి. అక్కడ పైనే గీతలు కనపడితే మిగతా ఐదు ప్లగ్గులు విప్పించడం కూడా దండగ. శుభ్రంగా ఉంటే మళ్లీ సంప్ గురించి అడగండి, ఈసారి అడ్వాన్సు సొమ్ము చూపించి.