షుగరు మాత్ర మొదలుపెట్టాక జననాంగం వద్ద ఎరుపు, దురద: మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక సభ్యుడు)

నా వయసు 52 సంవత్సరాలు. ఆరేళ్లుగా షుగరు ఉంది. ఖమ్మం మిర్చి మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మూడు నెలల క్రితం మా వైద్యుడు మెట్‌ఫార్మిన్‌కు తోడుగా డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. నెల రోజులుగా శిశ్నాగ్రం ఎర్రబడి, ముందోలు లోపల తెల్లటి పొర కట్టి, దాని అంచున సన్నటి పగుళ్లు వచ్చి, మూత్రం తగిలినప్పుడల్లా భగ్గున మండుతోంది. శుభ్రత చాలలేదేమోనన్న భయంతో రోజుకు రెండుసార్లు యాంటీసెప్టిక్ లిక్విడ్ కలిపిన నీళ్లతో కడుగుతున్నాను. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో దురద పూర్తిగా పోయింది గాని, ఆపిన వారానికే మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టింది. ఇప్పుడు నా భార్యకు కూడా దురద మొదలైంది. ఆమె పైకి ఏమీ అనలేదు గాని, ఇది సుఖవ్యాధి అనుకుంటుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మాత్ర మానేయవచ్చా? ఎవరికి చూపించుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (చర్మవైద్యురాలు)

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది బాలనైటిస్, అంటే శిశ్నాగ్రం చర్మం వాచి మండడం, అందులోనూ క్యాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చినది కావచ్చు. అయితే చూడకుండా నిర్ధారించడం సరికాదు కాబట్టి చర్మవైద్యునికి తప్పక చూపించండి. క్యాండిడా మామూలుగానే చాలామంది శరీరం మీద ఉంటుంది. తేమ, వెచ్చదనం, చక్కెర మూడూ ఒకచోట దొరికినప్పుడు విపరీతంగా పెరుగుతుంది. మీ కొత్త మాత్ర పనిచేసే తీరే మూత్రపిండాలు చక్కెరను తిరిగి రక్తంలోకి తీసుకోకుండా మూత్రంలోకి వదిలేసేలా చేయడం. షుగరు ఉన్నవారిలో ఈ మాత్ర వేసుకుంటే రోజుకు సుమారు 70 గ్రాముల గ్లూకోజు అలా బయటికి పోతుంది. మూత్రం పోసిన తరువాత ముందోలు కింద మిగిలే నాలుగు చుక్కలు ఫంగస్‌కు ఎంత మేతో మీరే ఊహించుకోవచ్చు. ఇది ఈ రకం మందుల వల్ల బాగా తెలిసిన ఇబ్బందే గాని, మీ నడవడిక మీద వచ్చిన తీర్పు కాదు. ఈ మాట మీ భార్యకు కూడా నేరుగా చెప్పండి. ఆమెను స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించి, అవసరమైతే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. లేకపోతే ఒకరికి తగ్గిన తరువాత మరొకరి నుంచి తిరిగి అంటుకోవచ్చు.

మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. అది గుండెకు, మూత్రపిండాలకు కూడా మేలు చేసే మందు కాబట్టి, కొనసాగించాలో మార్చాలో రాసిన వైద్యుడే తేల్చాలి. ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. వృషణాలకు, మలద్వారానికి నడుమ తీవ్రమైన నొప్పి, వాపు, దానితోపాటు జ్వరం వస్తే ఆ రోజే పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. చాలా అరుదే అయినా, అక్కడి కండను వేగంగా తినేసే ఇన్ఫెక్షన్ ఈ మందులు వాడేవారిలో వచ్చిన సందర్భాలున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

యాంటీసెప్టిక్ లిక్విడ్ ఈ రోజే మానేయండి. ఎక్కువగా కడగడం వల్లనే చర్మం పాడయినవారిని నేను తరచుగా చూస్తుంటాను. అక్కడి చర్మం పలుచన. సబ్బు, క్రిమిసంహారిణి దాని సహజమైన జిడ్డును తీసేస్తే పగుళ్లు పడి, మంట ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లతో, ముందోలును నొప్పి లేనంత వరకే వెనక్కి లాగి, రోజుకు ఒకటి రెండుసార్లు కడిగి, మెత్తటి నూలు గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరనిచ్చి, ముందోలును మళ్లీ తప్పకుండా ముందుకు తేవాలి. వెనకే వదిలేస్తే వాపుతో బిగుసుకుపోయి రక్త ప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. మూత్రం పోసిన ప్రతిసారీ చివరి చుక్కలు అద్దుకోండి. వదులైన నూలు లోదుస్తులు వాడండి.

మీరు మిర్చి మార్కెట్లో పనిచేస్తారు కాబట్టి మరొక మాట. మూత్రానికి వెళ్లిన తరువాతే కాదు, వెళ్లే ముందు కూడా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిరప ఘాటు వట్టి నీళ్లకు పోదు. మొదట కాస్త వంటనూనె రాసుకుని, ఆ తరువాత సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది.

ఫంగస్ అని తేలితే సాధారణంగా 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమును రోజుకు రెండుసార్లు, తగ్గినట్టు కనిపించినా చెప్పినన్ని రోజులు, ఒకటి రెండు వారాల వరకు రాయమంటాము. నయమయ్యే వరకు కలయికకు దూరంగా ఉండటం మంచిది. ఇటువంటి క్రీములు రబ్బరు కండోమును బలహీనపరచగలవని కూడా గుర్తుంచుకోండి. పుండు, చీము, గజ్జల్లో గడ్డలు ఉంటే సుఖవ్యాధుల పరీక్షలు అవసరమవుతాయి. నాలుగు వారాల చికిత్సకు కూడా లొంగని మచ్చ, తెల్లగా గట్టిపడిన చర్మం, నానాటికీ బిగుసుకుపోతున్న ముందోలు ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షించాల్సి రావచ్చు.

జవాబు 2 (మందుల షాపు నడిపే ఫార్మసిస్టు)

మీకిచ్చిన ట్యూబు మీద క్లోబెటాసాల్, బెక్లోమెథాసోన్ వంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఫంగస్ మందులో స్టెరాయిడ్ కలిపిన క్రీము. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణచివేస్తుంది గాని ఫంగస్ లోలోపల పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే తిరగబెట్టడానికి అదే కారణం కావచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే వైద్యుడి చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. మా వృత్తిలోనివారే అడిగిన వెంటనే ఇచ్చేస్తున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంది. ఆ ట్యూబును వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లి చూపించండి.

జవాబు 3 (మరొక సభ్యుడు)

నాది కొంచెం వేరు గాని ఉపయోగపడవచ్చు. నాకు రెండు మూడేళ్లపాటు శిశ్నాగ్రం మీద సరిగ్గా ఒకేచోట నల్లటి, ఎర్రటి మచ్చ లేచి, మండి, మానిపోయేది. ఫంగస్ అనుకుని చాలా క్రీములు వాడాను. చివరికి ఒక వైద్యుడు, మచ్చ లేచే ముందు రోజుల్లో ఏయే మాత్రలు వేసుకున్నారని అడిగాక గాని తెలియలేదు: విరేచనాలు పట్టినప్పుడల్లా నేను స్వయంగా కొని వేసుకునే ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర వల్ల వస్తున్న అలర్జీ అది. ఆ మాత్ర మానేశాక మళ్లీ రాలేదు. మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరూ చీటీ మీద రాసుకుని వెళ్లండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు, ఇరవై రోజుల తరువాత

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. చర్మవైద్యుడు ఫంగస్ అనే తేల్చారు. ట్యూబులో క్లోబెటాసాల్ ఉంది. మూడు నెలల సగటు షుగరు 8.4 శాతం వచ్చింది. షుగరు వైద్యుడు మాత్రను కొనసాగించమన్నారు గాని, ఏడాదిలో మరోసారి ఈ బాధ వస్తే మారుస్తామన్నారు. పదమూడు రోజులు క్రీము రాశాను, పగుళ్లు మానాయి. మా ఆవిడకు కూడా ఆమె వైద్యురాలు చికిత్స చేశారు. మొదటి జవాబులో చక్కెర గురించి ఉన్న భాగాన్ని ఆమెకు చదివి వినిపించాను. నెల రోజులుగా తాను కూడా నన్ను అడగలేక భయపడుతూనే ఉన్నానని చెప్పింది. ఇప్పుడు దుకాణంలో నా గల్లాపెట్టె పక్కన చిన్న నూనె సీసా, సబ్బు పెట్టుకున్నాను. హమాలీలు కూడా వాడుకుంటున్నారు.