కరువు భత్యం, కరువు సహాయం

ప్రశ్న: మాస్టారూ, డీఏను (డియర్‌నెస్ అలవెన్స్‌ను) మనం ‘కరువు భత్యం’ అంటున్నాం. నెలనెలా జీతం అందుకునే ఉద్యోగికి కరువేమిటి? హిందీలో ‘మహంగాయీ భత్తా’ అంటారు, అంటే ధరలు పెరిగినందుకు ఇచ్చేది. మన అనువాదం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. వానలు లేకపోవడం అనావృష్టి. కరువంటే దొరకకపోవడం. ‘మాటలు కరువయ్యాయి’ అన్నప్పుడు వానతో పనేముంది? కొట్లో బియ్యం బస్తాలున్నా కొనే శక్తి లేకపోతే ఆ ఇంటికి కరువే. డీఏ కూడా తిండి ధరలు మండిపోయిన యుద్ధకాలపు అవసరం నుంచే వచ్చింది. మాట చక్కగా అతికింది.

నన్ను బాధపెట్టేది దాని పక్కన చేరే రెండో మాట. అదే కరువుకు ఉద్యోగి దగ్గర ‘భత్యం’, రైతు దగ్గర ‘సహాయం’. బత్తెం అంటే పనిలో ఉన్నవారికి తిండి ఖర్చు కింద ముట్టజెప్పవలసినది. సహాయం ఇచ్చేవారి దయ. ధరల సూచీ కదిలితే భత్యం లెక్క కదులుతుంది. రైతుకు మాత్రం ముందు తన మండలం కరువు మండలాల జాబితాకెక్కాలి. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో వర్షపాతం లోటు, బెట్ట రోజులు, సాగు విస్తీర్ణం, నేల తేమ, ఉపగ్రహం చూపే పచ్చదనం అన్నీ కొలతలే. అయినా ‘ప్రకటించు’ అన్న క్రియకు కర్త రాష్ట్ర ప్రభుత్వమే. ఖజానా భారం, కేంద్రం నుంచి రావలసిన నిధి, ఎన్నికల గడువు, ఇవన్నీ ఆ కర్త మనసులోనే ఉంటాయి.

మరొకరు: ఈ దయ లెక్క పాతదే మాస్టారూ. 1874లో బీహారు కరువులో ఆంగ్లేయ అధికారి రిచర్డ్ టెంపుల్ బర్మా బియ్యం తెప్పించి ప్రాణాలు నిలబెడితే, దుబారా చేశాడని తిట్టారు. దక్షిణాదిని పీడించిన ధాత కరువు నాడు, 1877లో, వైస్రాయి లిట్టన్ ఆయననే మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. ఈసారి టెంపుల్ ఖర్చు తగ్గించి పేరు నిలుపుకోవాలనుకున్నాడు. కరువు పనిలో మట్టి మోసే మగవాడి రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అర కిలో కూడా లేని గింజలు! మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఇది చాలదని పట్టుబట్టాకే కూలి పెరిగింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల ఎముకల మీద జరిగిన పొదుపు అది. మా ప్రాంతపు పెద్దలు ‘కరువు పని’ అన్న మాటను ఎప్పుడూ గొంతు తగ్గించే అనేవారు.

జవాబు: మంచి మాట గుర్తుచేశారు. మన భాషకు సంబంధించిన మరొక సంగతి చెబుతాను. బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 వరకు 16 భారత రాష్ట్రాల లెక్కలు పరిశీలించి 2002లో ప్రచురించారు. పత్రికలు ఎక్కువగా చదివే రాష్ట్రాల్లో పంట పోయినప్పుడు ప్రభుత్వం ఎక్కువగా స్పందించింది. అందులోనూ ఇంగ్లీషు, హిందీ పత్రికల ప్రభావం కాదు, ఆయా రాష్ట్రాల భాషల పత్రికల ప్రభావమే కనబడింది. ఓటరు చదివే భాషలో వార్త వస్తే పాలకుడికి భయం. తెలుగు మాటల మంచిచెడ్డలు చర్చించుకునే ఈ గుంపులో మనం ఒక్కో మాట కోసం పట్టుబట్టడం ఊరికే పోదని నాకు దానివల్లే ధైర్యం.

ప్రశ్న: అయితే ‘పంట నష్ట పరిహారం’ అని రాయడం సరైనదేనా? ఉత్తర్వుల్లో ‘పెట్టుబడి రాయితీ’ అని ఉంటుంది కదా.

జవాబు: ఆ తేడా గమనించినందుకు సంతోషం. పరిహారమంటే పోయినదానికి సరిపడా పూడ్చడం. ఇచ్చేది అది కాదు. మళ్లీ విత్తుకోవడానికి ఎకరాకో హెక్టారుకో లెక్కగట్టిన కొంత సొమ్ము. దాన్ని పరిహారమంటే నష్టం మొత్తం తీరిపోయినట్టు వినబడుతుంది. కాబట్టి పెట్టుబడి రాయితీ అనే రాయండి. అది సకాలంలో రాకపోతే మాత్రం ‘రాయితీ బకాయి’ అనండి. బకాయి అన్నచోట అడగడానికి వీలుంటుంది. భత్యం విషయంలో ఉద్యోగులు ఆ మాటను ఏనాడూ వదలలేదు.