ఆన్సీ సరస్సు చుట్టూ కొండ పరుగు: వెళ్లొచ్చిన వైజాగ్ వాళ్లు కాస్త చెప్పండి

ఎంవీపీ_కోడలు
నమస్కారమండీ. ఫ్రాన్స్‌లో ఆన్సీ అనే ఊళ్లో జరిగే మాక్సి-రేస్‌కి వచ్చే ఏడాది వెళ్తానని మా ఆయన పట్టుబట్టి కూర్చున్నారు. ఆయన పరుగంతా బీచ్ రోడ్డు మీదే. కైలాసగిరి ఎక్కితే అదే పెద్ద కొండ. ఇక్కడుండి దానికెలా తయారవ్వాలి? నేనూ పాపా కూడా వెళ్తున్నాం, అంతసేపూ మేమెక్కడ నిలబడి చూడాలి?

గాజువాక_చిన్నోడు
ఎంత దూరమేటండీ అది?

కంబాలకొండ_కాళ్లు
సరస్సు చుట్టూ ఉన్న కొండల మీదుగా పూర్తి చుట్టు తొంభై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఏడాదిని బట్టి దారి కొద్దిగా మారుతుంది. ఎక్కుడు మొత్తం కలిపితే ఐదు వేల మీటర్ల పైమాటే. సింహాచలం మెట్లు ఇరవైసార్లకి తగ్గకుండా ఎక్కి, అన్నిసార్లూ దిగాలన్నమాట. 2015లో ప్రపంచ ట్రైల్ (కొండదారుల పరుగు) చాంపియన్‌షిప్ కూడా అక్కడే జరిగింది. గెలిచిన సిల్వాన్ కూర్ ఎనిమిది గంటల చిల్లరలో ముగించాడు. మనలాంటివాళ్లకి పొద్దు గూకాక కూడా తలలైటు తప్పదు. చిన్న దూరాల పోటీలూ ఉంటాయి, మొదటిసారైతే వాటిల్లో ఒకటి చూసుకోమనండి.

గాజువాక_చిన్నోడు
తొంభై కిలోమీటర్లు, అదీ కొండల మీదా! బండి మీద ఎల్తేనే నడుం పోద్ది కదేటి. మనిషన్నవాడు అలా పరిగెడతాడా?

కంబాలకొండ_కాళ్లు
మొత్తం ఎవడూ పరిగెత్తడు తమ్ముడూ, ముందుండే నలుగురైదుగురు తప్ప. ఎక్కుడంతా చేతికర్రలు పొడుచుకుంటూ నడకే. మనవాళ్లని పడగొట్టేది దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగొచ్చు. దిగేటప్పుడు అడుగడుగుకీ ఒంటి బరువంతా తొడ కండరం మీద పడుతుంది, అది సాగుతూనే బిగబట్టుకోవాలి. ఆ పని ముందే అలవాటు లేకపోతే సగం దారిలో మోకాళ్లు వంగనంటాయి. అందుకే కోడలు గారూ, సింహాచలం తీసుకెళ్లండి ఆయన్ని. తొలిపావంచా నుంచి మెట్లెక్కి, ఆటో కోసం చూడకుండా అదే దారిన దిగమనండి. ఎంత వేగంగా ఎక్కాడో లెక్కపెట్టుకునేవాళ్లే అందరూ, దిగుడుని ఎవరూ లెక్కలో వేసుకోరు. మెట్లతోనే సరిపెట్టకుండా కంబాలకొండ లోపలి దారుల్లో రాళ్ల మీద కూడా నడవాలి. సిమెంటు మెట్టు ఎక్కడుందో కాలికి తెలుసు, రాయి అలా కాదు.

భీమిలి_మావయ్య
వేసవిలో ఇక్కడ చెమటోడ్చినవాడికి అక్కడ పగలు ఇబ్బంది ఉండదు. చలే తంటా. పరుగు చీకట్లోనే మొదలవుతుంది. సరస్సు దగ్గర ఎత్తు 447 మీటర్లు, సెమ్నోజ్ కొండ కొన 1,699. తెల్లవారకముందే పైకి చేరతారు. చెమటతో తడిసిన బనీను మీద ఆ గాలి తగిలితే వణుకు ఆగదు. వానకి తడవని జాకెట్టు, ఈల, రేకులాంటి దుప్పటి, తలలైటు తప్పనిసరి సామాను జాబితాలో ఉంటాయి. సంచీ విప్పి చూపించమంటారు కూడా. ఆపదొస్తే ఈల నిమిషానికి ఆరుసార్లు ఊదాలి, నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. ఇది పాపకి కూడా నేర్పండి, ఎక్కడైనా పనికొస్తుంది.

పెదవాల్తేరు_పద్మ
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేం? మేము శాకాహారులం. ఆగే చోట్ల చీజు, ఎండబెట్టిన పంది మాంసం ముక్కలు, బ్రెడ్డు, నారింజ తొనలు, వేడి సూపు పెడతారు. ఆ సూపు దేంతో కాచారో అడగండి. మా తమ్ముడు ఉప్పు కాస్త ఎక్కువేసిన పులిహోర ఉండలు కట్టుకెళ్లాడు, చివరిదాకా కడుపు నిలిచింది. ఇంకో సంగతి, అక్కడ కాగితం గ్లాసులివ్వరు, మడిచే గ్లాసు మనదే ఉండాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్లూ రోడ్డు పక్కన మజ్జిగ, అరటిపండ్లు చేతిలో పెట్టేస్తారు చూడండి, అక్కడా అలాగే అనుకోకండి, కొండ మీద గంటలకొద్దీ ఎవరూ కనబడరు.

కంబాలకొండ_కాళ్లు
పద్మ గారు ఉప్పు మాట మంచిదన్నారు. దాహం లేకపోయినా ఉత్తి నీళ్లు తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. అది నీళ్లు చాలకపోవడం కన్నా ప్రమాదం. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లండి.

పెదవాల్తేరు_పద్మ
చూసేవాళ్ల సంగతి చెప్తాను, నేనదే కదా చేసింది. అన్ని చోట్లకీ పరిగెత్తకండి. రెండు చాలు: సరస్సు దక్షిణపు కొసన దూసార్, చివర్లో మాంతోన్. రోడ్డు ఉన్న ఊళ్లే రెండూ. దూసార్‌లో మావాడు రోడ్డంచున కూలబడి బూటు విప్పితే మేజోడు మడమకి అతుక్కుపోయి ఉంది. నేను నీళ్లు పోసి తడుపుతుంటే పక్కనే ఓ ముసలాయన ఆవు మెడ గంట ఊపుతూ "అల్లే, అల్లే" (పద, పద) అని కేకలు. నొప్పితో ఏడవాలో నవ్వాలో తెలియలేదు వాడికి. మధ్యలో మీకు బోలెడు ఖాళీ. పాపకి సరస్సులో ఈత, పడవ, పాత ఊళ్లో కాలువల వెంట నడక. ఎదురుచూపు విసుగనిపించదు, నిద్రే చాలదు.

భీమిలి_మావయ్య
మాంతోన్ దగ్గర కాస్త ధైర్యం చెప్పండి ఆయనకి. సరస్సు ఒడ్డు పక్కనే కనిపిస్తుంటుంది, ఇక అయిపోయిందనిపిస్తుంది. కానీ అక్కణ్ణుంచి మళ్లీ వెరియే కొండ, 1,291 మీటర్లు. మానేసేవాళ్లు చాలామంది అక్కడే మానేస్తారు.

గాజువాక_చిన్నోడు
మర్నాడు ఎలా ఉంటాదండీ?

పెదవాల్తేరు_పద్మ
పాత ఊళ్లో వంతెన మెట్లు వెనక్కి తిరిగి దిగేవాళ్లందరూ నిన్న పరిగెత్తినవాళ్లే బాబూ. హోటల్ గది కింది అంతస్తులో తీసుకోండి కోడలు గారూ, లేదా లిఫ్ట్ ఉందో లేదో అడగండి.

ఎంవీపీ_కోడలు
అందరికీ థాంక్సండీ. ఆయనకి మొత్తం చదివి వినిపించాను. సూపు దగ్గర మొహం మాడ్చారు, దిగుడు దగ్గర మాత్రం ఏమీ అనలేదు. ఆదివారం సింహాచలం వస్తామంటున్నారు, ఎవరైనా వెళ్తున్నారా?

కంబాలకొండ_కాళ్లు
తెల్లారి అయిదింటికి తొలిపావంచా దగ్గరుంటాను. ఎండ ముదిరితే మెట్లు కాలతాయి, ఆలస్యం చెయ్యొద్దనండి.

గాజువాక_చిన్నోడు
నానూ వస్తాను. ఎక్కను గానీ, కింద బళ్లు చూస్తాను.